పుత్తూరు కట్టు: మోకాలి బెణుకు చికిత్సలో కట్టు, కదలికల చరిత్ర

ఉపోద్ఘాతం

పుత్తూరు పేరు వినగానే తెలుగు, తమిళ ప్రాంతాల వారికి స్ఫురించేది ఎముకల కట్టు. చెన్నైలో సైతం ఆ పేరుతో కట్టు వైద్యశాలలు కనిపిస్తాయి. అయితే కట్టు కోరి వచ్చేవారందరూ ఎముక విరిగినవారు కారు. మోకాలు బెణికినవారూ ఉంటారు. బెణుకులో దెబ్బతినేది ఎముక కాదు, ఎముకను ఎముకతో కలిపి ఉంచే సంధిబంధనం, అంటే లిగమెంటు. విరుపుకూ బెణుకుకూ ఒకే కట్టు చాలునా అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

రాచపాళెం సంప్రదాయం

పుత్తూరు సమీపంలోని రాచపాళెంలో 1881లో కేశవరాజు ఈ వైద్యాన్ని ప్రారంభించారని ప్రసిద్ధి. వేటాడిన కుందేలు మాంసాన్ని ఆకుల్లో చుట్టి తేగా, విరిగిన ఎముకలు అతుక్కొని కనిపించాయన్నది ప్రచారంలో ఉన్న గాథ. చనిపోయిన ప్రాణి ఎముక అతకడం జీవధర్మానికి పొసగదు. కాబట్టి దీనిని ప్రయోగ వృత్తాంతంగా గాక, ఔషధానికి అడవిని, వైద్యానికి వంశాన్ని మూలంగా నిలిపే మౌఖిక చరిత్రగా గ్రహించాలి. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డ ఈ కట్టులోని ప్రధాన ద్రవ్యాలు. తెల్లసొన ఆరి గుడ్డను బిగువు చేస్తుంది. బద్దలు అవయవాన్ని కదలనీయవు. విరిగిన ఎముకకు కావలసిన స్థిరత్వం ఇదే.

శాస్త్రగ్రంథాల సాక్ష్యం

సుశ్రుతసంహిత భగ్నాలను సంధిముక్తం, కాండభగ్నం అని రెండుగా విభజించి, మొదటిదానిలో ఆరు, రెండవదానిలో పన్నెండు భేదాలు చెప్పింది. శరీరాన్ని స్నాయువులతో బిగించిన పడవతో పోల్చి, ఎముక దెబ్బకన్నా స్నాయువు దెబ్బ ఎక్కువ హాని చేస్తుందని హెచ్చరించింది. ఋతువును బట్టి మూడు, అయిదు, ఏడు రోజులకొకసారి కట్టు మార్చాలని నిర్దేశించింది. కట్టడంతో పాటు విప్పి చూడడమూ చికిత్సలో భాగమేనని దీనివల్ల తెలుస్తున్నది.

ఐరోపాలో ఇదే వివాదం

1867లో జేమ్స్ పేజెట్ ఎముకలు సరిచేసే నాటువైద్యులు నయం చేసే రోగాలపై ప్రసంగిస్తూ, వారి నుండి మంచిని గ్రహించి చెడును విడువమని వైద్యులకు సూచించాడు. అటువంటి నాటువైద్య కుటుంబంలోనే పుట్టి వైద్యవిద్య అభ్యసించిన హ్యూ ఓవెన్ థామస్ దీర్ఘవిశ్రాంతిని సమర్థించాడు. ఫ్రాన్సులో లూకా షాంపియోనియేర్ మర్దన, కదలికల పక్షం వహించాడు.

నేటి వైద్యం స్వల్పమైన బెణుకు విషయంలో రెండింటినీ క్రమంలో పెట్టింది. తొలి రోజుల్లో విశ్రాంతి, మంచుకాపడం, సాగే పట్టీ, కాలు ఎత్తుగా ఉంచడం. నొప్పి తగ్గుతుండగా మోకాలిని మెల్లగా వంచి చాచడం, తొడ కండరాలకు వ్యాయామం, ఆపై నిలకడ సాధన. వారాల తరబడి బిగించి ఉంచితే తొడ కండరం సన్నబడుతుంది, కీలు బిగుసుకుంటుంది.

ముగింపు

పుత్తూరు కట్టు ఎముకకు ఇచ్చే స్థిరత్వం స్వల్పమైన బెణుకుకు కొద్దికాలమే అవసరం. మోకాలు జారిపోతున్నా, ఇరుక్కుపోతున్నా, కాలిపై బరువు నిలవకపోయినా అది స్వల్పమైన బెణుకు కాకపోవచ్చు. పరీక్ష తరువాతే కట్టు. సంప్రదాయ వైద్య చరిత్రను రాసేవారు కట్టిన చేతులను కీర్తించడంతో ఆగక, ఎవరికి కట్టారు, ఎప్పుడు విప్పారు అన్న వివరాలనూ సేకరించాలి. మౌఖిక సంప్రదాయం వైద్యచరిత్రకు ఆధారం కాగలిగేది అప్పుడే.