బయానా నుంచి ఒక్కరోజు ఆప్షన్ దాకా

రిటైర్మెంటు పొదుపు గురించి ఆ మధ్య మాట్లాడుకున్న తరువాత మీలో చాలామంది దాదాపు ఒకే ప్రశ్న పంపారు. "ఈ ఆప్షన్లంటే ఏమిటండీ? ఆఫీసులో కుర్రాళ్ళంతా వాటి గురించే మాట్లాడుకుంటున్నారు. మనం చెయ్యొచ్చా?" అని. చెయ్యొచ్చో కూడదో చెప్పడానికి నేను లైసెన్సు ఉన్న సలహాదారుణ్ణి కాను. కాని వీటి చరిత్ర తెలిస్తే ఆ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. పైగా ఆ చరిత్రలో ముఖ్యమైన ఘట్టం మన చికాగో డౌన్‌టౌన్‌లోనే జరిగింది.

ముందుగా ఒక మాట. కంపెనీలు ఉద్యోగులకిచ్చే స్టాక్ ఆప్షన్లు వేరు. 2000 సంవత్సరంలో మన సాఫ్టువేరు వాళ్ళలో కొందరిని పన్నుల చిక్కుల్లో పడేసినవి అవి. ఈ రోజు చెప్పేది బజారులో ఎవరైనా కొని అమ్ముకోగలిగే ఆప్షన్ల సంగతి.

మనకు ఇది కొత్త విషయమేమీ కాదు. విజయవాడ పక్కన ఒక స్థలం యాభై లక్షలకు బేరం కుదిరిందనుకోండి. లక్ష రూపాయలు బయానా ఇచ్చి, మూడు నెలల గడువు పెట్టి అగ్రిమెంటు రాసుకుంటారు. ఈలోగా అటుగా రింగు రోడ్డు వస్తోందని వార్త పుట్టి స్థలం అరవై లక్షలయింది. బయానా ఇచ్చినవాడికి పంట పండినట్టే. వార్త అబద్ధమై ధర నలభైకి పడిపోతే లక్ష వదులుకుని ఊరుకుంటాడు. దీన్నే ఇక్కడివాళ్ళు కాల్ ఆప్షన్ అంటారు: ఫలానా గడువులోగా ఫలానా ధరకు కొనే హక్కు, కొని తీరాలన్న బాధ్యత మాత్రం లేదు. (అసలు బయానాలో అవతలివాడు కోర్టుకెక్కి "కొనాల్సిందే" అనొచ్చు. పోలిక అంతవరకే.) పూత మీద మామిడితోట కొనడం ఇలాంటిది కాదు. అక్కడ కాయ రాలినా డబ్బు కట్టాలి.

కాల్‌కు తిరగేసినది పుట్, అంటే నిర్ణయించిన ధరకు అమ్మే హక్కు. ప్రభుత్వం వడ్లకు మద్దతు ధర ప్రకటించి నిజంగానే ఆ ధరకు కొంటే, రైతు చేతికి పైసా ఖర్చు లేకుండా ఒక పుట్ వచ్చినట్టే.

పుస్తకాలన్నీ ఈ కథను గ్రీకు తత్వవేత్త థేలీస్‌తో మొదలుపెడతాయి. ఆయన చలికాలంలోనే మిలేటస్, కియాస్ ఊళ్ళలో ఉన్న ఆలివ్ గానుగలన్నింటికీ కొద్దికొద్దిగా బయానాలిచ్చి పెట్టుకున్నాడనీ, పంట విరగకాసినప్పుడు వాటిని ఎక్కువ అద్దెకిచ్చి డబ్బు చేసుకున్నాడనీ అరిస్టాటిల్ రాశాడు. ఇందులో నాకు నచ్చేది థేలీస్ తెలివి కన్నా ఆ గానుగల యజమానుల లెక్క. పంట ఎలా ఉంటుందో తెలియని చలికాలంలో ఎంతో కొంత చేతికొచ్చింది కదా అనుకున్నారు. ఆప్షన్ అమ్మేవాడి ఆలోచన ఈనాటికీ అదే.

అక్కడినుంచి ఒక్క గంతులో 1688 నాటి ఆమ్‌స్టర్‌డామ్‌కు పోదాం. జోసెఫ్ డి లా వేగా అనే ఆయన స్పానిష్ భాషలో స్టాకు మార్కెట్టు మీద ఒక పుస్తకం రాశాడు. ఒక తత్వవేత్త, ఒక వర్తకుడు, ఒక వాటాదారు కూర్చుని డచ్చి ఈస్టిండియా కంపెనీ షేర్ల గురించి మాట్లాడుకుంటారు. అందులో కాల్, పుట్ రెండింటి వివరణా ఉంది. అంటే గోల్కొండ కోట ఔరంగజేబుకు చిక్కిన మరుసటేడే ఆప్షన్ల మీద పుస్తకం అచ్చయిందన్నమాట!

ఆ తరువాత రెండు వందల ఏళ్ళకు పైగా ప్రభుత్వాలది ఒకటే పాట: ఇది జూదం, ఆపండి. లండన్‌లో సౌత్ సీ కంపెనీ బుడగ పగిలాక, 1734లో సర్ జాన్ బార్నార్డ్ తెచ్చిన చట్టం ఆప్షన్లను నిషేధించింది. అయినా వ్యాపారం ఆగలేదు. కోర్టు పట్టించుకోని ఒప్పందాలను వర్తకులు నోటిమాట మీదే నడిపించారు. 1860లో ఆ చట్టాన్ని ఎత్తేశారు. అమెరికాలో 1936 చట్టం వ్యవసాయ సరుకుల మీద ఆప్షన్లను నిషేధించింది. మన దేశంలోనూ బొంబాయి బజారులో "తేజీ, మందీ" పేరుతో సాగిన ఈ వ్యాపారాన్ని 1956 నాటి సెక్యూరిటీల చట్టం కాదంది. 1995లో గాని ఆ నిషేధం తొలగలేదు.

నిషేధాల సంగతి అలా ఉంచండి. అసలు చిక్కు నమ్మకంతో వచ్చేది. న్యూయార్కులో రస్సెల్ సేజ్ అనే కోటీశ్వరుడు పుట్లు, కాల్‌లు అమ్ముతుండేవాడు. 1884 మే నెలలో మార్కెట్టు కూలింది. ఆయన దగ్గర పుట్లు కొన్న జనం డబ్బు కోసం ఆఫీసు ముందు గుమిగూడారు. చివరికి చెల్లించాడు గాని భారీగా నష్టపోయాడు. ఆయన చెల్లించకపోయి ఉంటే? ఆ కాగితం విలువంతా రాసినవాడి నిజాయితీ మీదే ఆధారపడి ఉండేది.

1970 దాకా ఒక మామూలు మనిషి ఆప్షన్ కొనాలంటే పత్రికలో ప్రకటన చూసి బ్రోకరుకు ఫోను చెయ్యాలి. ప్రతి ఒప్పందానికీ ధర వేరు, గడువు వేరు. మధ్యలో అమ్ముకుందామంటే సరిగ్గా అలాంటిదే కావాలనే మనిషి దొరకాలి. ఎక్కడ దొరుకుతాడు?

ఇక చికాగో. జాక్సన్ వీధిలో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ భవనం శిఖరం మీద ధాన్యదేవత సీరిస్ విగ్రహం ఉంటుంది, మన ధాన్యలక్ష్మి అనుకోండి. అక్కడ గోధుమలు, మొక్కజొన్నల వ్యాపారం 1960ల చివర్లో మందగించింది. కొత్త సరుకు కోసం వెతుకుతూ షేర్ల మీద ఆప్షన్లు పెడదామనుకున్నారు. ఆ పని నడిపించిన జోసెఫ్ సల్లివాన్ అంతకుముందు వాల్ స్ట్రీట్ జర్నల్‌లో విలేఖరి. 1973 ఏప్రిల్ 26న, ఆ భవనంలో సభ్యులు సిగరెట్లు తాగే గదిలో, చికాగో బోర్డ్ ఆప్షన్స్ ఎక్స్ఛేంజి మొదలయింది. పదహారు కంపెనీల షేర్ల మీద కాల్‌లు మాత్రమే. మొదటిరోజు అమ్ముడైనవి 911 కాంట్రాక్టులు. 2024లో అమెరికా మొత్తం మీద చేతులు మారినవి 1200 కోట్లకు పైనే!

వాళ్ళు చేసిన గొప్ప పనులు రెండు. ఒకటి, ధరలనూ గడువులనూ ఒక పద్ధతిలో పెట్టారు. కాబట్టి సోమవారం కొన్నది మంగళవారం అమ్ముకోవచ్చు. రెండోది, కొనేవాడికీ అమ్మేవాడికీ నడుమ ఒక క్లియరింగ్ సంస్థను నిలబెట్టారు. అమ్మినవాడు చేతులెత్తేస్తే అది చెల్లిస్తుంది. రస్సెల్ సేజ్ తలుపు తట్టాల్సిన పని లేదు. చాలామంది చరిత్ర రాసేటప్పుడు ఫార్ములాకే పెద్దపీట వేస్తారు గాని, చిన్న మదుపరిని ఈ బజారులోకి తెచ్చింది ఈ రెండు ఏర్పాట్లేనని నా అభిప్రాయం.

ఒక లెక్క చూద్దాం. షేరు ఈ రోజు 100 డాలర్లుంది. నెలరోజుల గడువులో 105కు కొనే హక్కు రెండు డాలర్లకు అమ్ముతున్నారు. కాంట్రాక్టుకు వంద షేర్లు కాబట్టి మీరు 200 డాలర్లు కడతారు. నెల తిరిగేసరికి షేరు 106కు చేరింది. మీరు ఊహించినట్టే పెరిగింది కదా? కాని మీ హక్కు విలువ ఒక డాలరే. వంద డాలర్లు పోయాయి. 107 దాటితేగాని లాభం లేదు. 105 దగ్గరో అంతకు కిందో ఆగితే 200 మొత్తం పోతాయి. అమ్మినవాడికి ఎంత బాగా జరిగినా ఆ 200 డాలర్లే మిగులుతాయి. వాడి దగ్గర షేర్లు లేకపోతే, ధర పెరిగినకొద్దీ నష్టానికి హద్దుండదు.

షేరు ఎటూ కదలకపోయినా మీ ఆప్షన్ రోజురోజుకూ కరుగుతుంది, చేతిలో ఐసుముక్కలాగా. చివరి రోజుల్లో మరీ తొందరగా కరుగుతుంది. అంటే మీరు కొన్నది షేరును కాదు, కొంత కాలాన్ని.

ఆ కాలానికి ధర ఎంత? అదే 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ఫార్ములా అచ్చయింది. దాన్ని మొదట రెండు పత్రికలు తిప్పికొట్టాయి. చికాగో విశ్వవిద్యాలయ ఆచార్యులు శ్రద్ధ తీసుకున్న తరువాత, తిప్పికొట్టిన వాటిలో ఒకటే ప్రచురించింది. ఆ ఫార్ములాలో విచిత్రం ఏమిటంటే, షేరు పెరుగుతుందా తగ్గుతుందా అన్న ప్రశ్నే అందులో లేదు. ఇప్పటి ధర, ఒప్పందపు ధర, మిగిలిన రోజులు, వడ్డీరేటు, షేరు ఎంతగా ఊగుతుందన్న అంచనా, ఇవే ఉన్నాయి. మీకు కాల్ అమ్మిన పెద్ద వ్యాపారి వెంటనే తగినన్ని షేర్లు కొని పెట్టుకుంటాడు, ధర మారినకొద్దీ సర్దుకుంటాడు. ఎటు పోతుందన్న బెంగ అతనికి చాలావరకు లేదు. మీరేమో పెరుగుతుందని పందెం కాశారు. అతను మీకు అమ్మింది ఊగిసలాటను. ఇద్దరూ ఒకే ఆట ఆడటం లేదు. కంపెనీ ఫలితాలు బాగా వచ్చి షేరు పెరిగినా మీ కాల్ ధర పడిపోవడం చూసే ఉంటారు. ఫలితాల ముందు ఊగిసలాట ఎక్కువ ఉంటుందని ధర పెంచి అమ్మారు, వార్త రాగానే ఆ అదనం ఆవిరయింది.

1977లో పుట్లు కూడా వచ్చాయి. ఆ సంవత్సరమే ప్రభుత్వ సంస్థ ఎస్.ఇ.సి., బ్రోకర్లు చిన్నవాళ్ళకు వీటిని ఎలా అంటగడుతున్నారో చూద్దామని కొత్త ఆప్షన్లను ఆపి, 1980 దాకా విస్తరణకు ఒప్పుకోలేదు. 1983లో ఒక్క కంపెనీ మీద కాకుండా మార్కెట్టు సూచీ మీదే ఆప్షన్లు మొదలయ్యాయి. సూచీ ఒక్కరోజులో కుప్పకూలదన్న ధీమాతో పుట్లు అమ్మి, నెలనెలా ప్రీమియం జీతంలా తీసుకున్నవాళ్ళున్నారు. 1987 అక్టోబరు 19న డౌ సూచీ ఒక్కరోజే 22.6 శాతం పడింది. ఆ సోమవారం కొందరికి ఖాతాలో ఉన్నదంతా పోయి, పైన బ్రోకరుకు బాకీ మిగిలింది.

తరువాత సంగతి తొందరగా చెబుతాను. ఇంటర్నెట్టు వచ్చింది, కమీషన్లు తగ్గాయి, 2017 తరువాత కొన్ని యాప్‌లలో సున్నా అయ్యాయి. సున్నా అంటే ఉచితమని కాదు. మీ ఆర్డరు తమకు పంపినందుకు పెద్ద వ్యాపార సంస్థలు బ్రోకరుకు డబ్బిస్తాయి. కొనే ధర 2.10, అమ్మే ధర 1.90 ఉంటే, కాంట్రాక్టుకు 20 డాలర్లు మీరు చూడకుండానే పోతాయి. గడువులూ కుదించుకుపోయాయి. 2005లో వారం గడువు ఆప్షన్లు వచ్చాయి. 2022 నుంచి ఎస్ అండ్ పి 500 సూచీ మీద వారంలో మార్కెట్టు తెరిచే ప్రతిరోజూ గడువే. 2024లో ఆ సూచీ ఆప్షన్ల వ్యాపారంలో దాదాపు సగం, ఆ రోజు సాయంత్రానికి ముగిసిపోయేవే. థేలీస్ ఒక పంటకాలాన్ని కొన్నాడు. మన కుర్రాళ్ళు మధ్యాహ్నం భోజనం నుంచి మూడు గంటల దాకా ఉన్న కాలాన్ని కొంటున్నారు.

ఇండియాలో 2001 జూన్‌లో సూచీ ఆప్షన్లు, జూలైలో షేర్ల ఆప్షన్లు మొదలయ్యాయి. అక్కడ మాత్రం మనకు గట్టి లెక్కలు దొరుకుతాయి, ఎందుకంటే సెబీ ఖాతాలన్నీ తిరగేసి చూసింది. 2021–22 నుంచి మూడేళ్ళలో ఫ్యూచర్లు, ఆప్షన్లు చేసిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. సగటున మనిషికి రెండు లక్షల రూపాయలు, మొత్తం 1.8 లక్షల కోట్లకు పైగా. అదే బజారులో లాభపడ్డ పెద్ద సంస్థల లాభాలు దాదాపు అన్నీ కంప్యూటర్ ప్రోగ్రాముల ద్వారా వచ్చినవే. 2024 నవంబరు నుంచి సెబీ వారం గడువు ఆప్షన్లను ఒక్కో ఎక్స్ఛేంజికి ఒక్క సూచీకే పరిమితం చేసింది, కాంట్రాక్టు పరిమాణమూ పెంచింది. 2024–25 లెక్కల్లోనూ 91 శాతం మందికి నష్టమే.

ఊళ్ళో ఉన్న తమ్ముడో, బావమరిదో ఫోనులో "బావా, ఆప్షన్లలో కొంచెం పెడుతున్నా" అంటే ఈ లెక్క చెప్పి చూడండి. వింటాడా లేదా అన్నది వేరే సంగతి.

ఇక్కడ ఆప్షన్ ఖాతా తెరిచేటప్పుడు బ్రోకరు ఒక లావుపాటి పుస్తకం ఇస్తాడు, ఆప్షన్ల లక్షణాలు, ప్రమాదాలు అని. చదవకుండానే "చదివాను" అని టిక్కు పెట్టేస్తాం. అందులో అమ్మేవాళ్ళకుండే ప్రమాదాల భాగం ఒక్కటైనా తీరిగ్గా చదవండి. చేతిలో ఉన్న షేర్ల మీద కాల్‌లు అమ్మడం గురించి అడిగినవాళ్ళకు వచ్చేసారి లెక్కలతో సహా చెబుతాను. అంతవరకు సెలవు.