ఖాళీ షెల్ ఎందుకు ఇరుక్కుంది? అమెరికన్ ఆటోలోడింగ్ వేట రైఫిల్ చరిత్రపై ఒక పునఃపరిశీలన

అమెరికాలో తయారైన ఆటోలోడింగ్ వేట రైఫిళ్ళ గురించి చాలాకాలంగా ఒకే తీర్పు చెలామణిలో ఉంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన తొలితరం రైఫిల్ తిరుగులేనిదని, 1955 నుంచి వచ్చిన గ్యాస్ రైఫిళ్ళు మాత్రం చవక తయారీ వల్ల ఖాళీ షెల్‌ను బయటకు నెట్టలేక చెడ్డపేరు తెచ్చుకున్నాయని దాని సారాంశం. రెమింగ్టన్ 742కి కంపెనీ పెట్టిన పేరు వుడ్స్‌మాస్టర్. వేటగాళ్ళు దాన్ని ‘జామ్‌మాస్టర్’ చేశారు. ఆ మారుపేరే చరిత్రగా నిలిచిపోయింది.

ఈ తీర్పులో నిజం లేకపోలేదు. అయితే అది మూడు వేర్వేరు లోపాలను ఒకే గాటన కట్టింది. పేలిన షెల్ ఛాంబర్‌లోంచి ఊడి రాకపోవడం ఒక లోపం. ఊడి వచ్చిన షెల్ రిసీవర్ పక్కనున్న కంతలోంచి బయట పడకపోవడం రెండోది. షెల్ బయట పడినా, బోల్ట్ మ్యాగజైన్‌లోని తరువాతి తూటాను అందుకోలేకపోవడం మూడోది. వేటగాడి కంటికి మూడూ ఒక్కలాగే ఉంటాయి: బోల్ట్ సగంలో ఆగింది, రెండో గుండు పేలలేదు. కారణాలు మాత్రం వేరు. వాటిని విడదీయకుండా తయారీదారుకు మార్కులు వేస్తే అది చరిత్ర అనిపించుకోదు.

తొలిదశ అందరికీ తెలిసిందే. బ్రౌనింగ్‌కు 1900లో పేటెంట్ వచ్చింది. 1906లో రెమింగ్టన్ ఆ రైఫిల్‌ను అమ్మకానికి తెచ్చింది. 1911లో దానికి మోడల్ 8 అని పేరు పెట్టింది. 1936లో దాని స్థానంలోకి వచ్చిన మోడల్ 81 తయారీ 1950 దాకా సాగింది. వించెస్టర్ తరఫున టి.సి. జాన్సన్ 1905, 1907, 1910 మోడళ్ళను రూపొందించాడు. అవి బ్లోబ్యాక్ రైఫిళ్ళు. వాటిలో బోల్ట్‌కు తాళం ఉండదు, దాని బరువే తాళం. షెల్‌ను పేలుడు ఒత్తిడే వెనక్కి తోస్తుంది కాబట్టి అది ఛాంబర్‌లో పట్టేయడం అరుదు. అందుకు చెల్లించిన మూల్యం రైఫిల్ బరువు, పరిమితమైన తూటా శక్తి.

మోడల్ 8 తీరు వేరు. పేలగానే బ్యారెల్, బోల్ట్ తాళం వేసుకునే పూర్తిగా వెనక్కి వస్తాయి. బోల్ట్ వెనకే ఆగుతుంది. బ్యారెల్ తన స్ప్రింగ్ బలంతో ముందుకు పోతూ షెల్‌ను వదిలిపెడుతుంది. అంటే షెల్‌ను విడిపించే పని మందు ఒత్తిడి పూర్తిగా పోయిన తరువాత, స్ప్రింగ్ వేగంతో జరుగుతుంది. ఇత్తడి షెల్ పేలినప్పుడు ఉబ్బి ఛాంబర్ గోడలను హత్తుకుంటుంది, ఒత్తిడి తగ్గాక మళ్ళీ కుదించుకుంటుంది. మోడల్ 8 దానికి కావలసినంత వ్యవధి ఇచ్చింది. అందుకే ఈనాడు ఒక పాత మోడల్ 8 షెల్‌ను సరిగా బయటకు వెయ్యకపోతే ముందు చూడవలసింది ఎజెక్టర్‌ను కాదు. బ్యారెల్ తొడుగులో గట్టిపడిన పాత గ్రీజును, అలసిన స్ప్రింగులను చూడాలి. ఇంకొక సంగతి చరిత్రకారులు తగినంత పట్టించుకోలేదు. మోడల్ 8 బ్యారెల్ విడదీయడానికి వీలైనది. బ్యారెల్ ఊడదీస్తే ఛాంబర్ కళ్ళెదుట ఉంటుంది, వెనకనుంచి నేరుగా తుడవవచ్చు.

అసలు వివాదం 1955 నుంచి 1980 దాకా. 1955లో మోడల్ 740, 1960లో దాని సవరించిన రూపం 742 వచ్చాయి. 742 ఇరవై ఏళ్ళలో పది లక్షలకు మించి అమ్ముడైంది. ఇందులో బ్యారెల్ కదలదు. బ్యారెల్‌లోని చిన్న రంధ్రం గుండా వచ్చిన గ్యాస్ ముందుచెక్క కింద ఉన్న బరువైన స్లీవ్‌ను వెనక్కి తంతుంది. దానికి అతికిన కడ్డీలు బోల్ట్‌ను తిప్పి, తాళం విప్పి, వెనక్కి లాగుతాయి. ఇదంతా రెప్పపాటులో ముగియాలి. షెల్ గోడల పట్టు పూర్తిగా వదలకముందే ఎక్స్‌ట్రాక్టర్ దాని అంచును పట్టి లాగుతుంది. ఛాంబర్ నున్నగా ఉంటే ఇబ్బంది లేదు. తుప్పు గుంటలు, గట్టిపడిన నూనె, మందు మసి ఉంటే మాత్రం షెల్ కదలదు. అప్పుడు ఎక్స్‌ట్రాక్టర్ అంచు మీదనుంచి జారిపోతుంది, లేదా అంచును చీల్చేస్తుంది.

ఈ కాలపు జామ్‌లలో పెద్ద భాగానికి ఛాంబరే మూలమని నా వాదన. దానికి రైఫిల్ నిర్మాణంలోనే ఆధారం ఉంది. 742 రిసీవర్ వెనక మూసి ఉంటుంది. రైఫిల్‌ను విప్పకుండా వెనకనుంచి తిన్నని కడ్డీ పెట్టే వీలు లేదు. చాలామంది బ్యారెల్ కొసనుంచి తుడిచేవారు, ఆ మసి ఛాంబర్‌లోనే చేరేది. బ్యారెల్ కంటే వెడల్పైన ఛాంబర్‌ను బ్యారెల్ బ్రష్ సరిగా తాకదు కూడా. ఏడాదికి నాలుగు తూటాలు కాల్చి, వానలో తడిసిన రైఫిల్‌ను ఒరలో పెట్టి మూలన ఉంచిన యజమానికి ఛాంబర్ తుప్పు పట్టిందని తెలిసే దారి లేదు. మళ్ళీ సీజన్‌లో షెల్ ఇరుక్కున్నప్పుడే తెలిసేది.

రెండో ఆధారం మోడల్ 760. 1952లో వచ్చిన ఈ పంప్ రైఫిల్‌కు బోల్ట్ అమరిక దాదాపు 742దే. పెన్సిల్వేనియాలో జింకల వేటకు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళను అనుమతించకపోవడంతో అక్కడ 760 ఇంటింటి రైఫిల్ అయింది. దానికి జామ్‌మాస్టర్ వంటి పేరు రాలేదు. అంటే బోల్ట్ నమూనా ఒక్కటే దోషి కాదు. అయితే ఈ పోలికను మితిమీరి లాగకూడదు. పంప్‌లో షెల్ పట్టేస్తే మనిషి చెయ్యి ఇంకాస్త బలంగా లాగుతుంది. గ్యాస్‌కు ఆ విచక్షణ లేదు. ఛాంబర్ మురికిని 760 దాచింది, 742 బయటపెట్టింది.

నా వాదనకు హద్దు కూడా ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 742 బోల్ట్ తలకు ఎప్పుడూ తిరిగి తాళం పడే దిశలోనే ఒత్తిడి ఉంటుంది. ప్రయాణంలో దాన్ని తిరగకుండా పట్టి ఉంచేవి రిసీవర్ లోపలి సన్నని పట్టాలు. బోల్ట్ వేగంగా కదిలిన ప్రతిసారీ దాని చిన్న చిన్న లగ్గులు (తాళం వేసే పళ్ళు) ఆ పట్టాలను కొడతాయి. ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్న పట్టాలపై గాట్లు పడి బోల్ట్ మధ్యలో ఆగిపోతుంది. ఇది ఛాంబర్ శుభ్రతతో తీరే లోపం కాదు, స్పష్టంగా నమూనా లోపమే. 1981లో 7400 వచ్చినప్పుడు రెమింగ్టన్ బోల్ట్‌కు తక్కువ సంఖ్యలో పెద్ద లగ్గులు పెట్టడమే అందుకు సాక్ష్యం. 760కి ఈ అరుగుదల అంతగా లేకపోవడం వల్ల, ఇక్కడ బోల్ట్ వేగం పాత్ర కూడా తేటపడుతుంది.

ఆ వేగాన్ని నిర్ణయించేది తూటా. మెల్లగా మండే మందు వాడితే గుండు గ్యాస్ రంధ్రాన్ని దాటే వేళ ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది, బోల్ట్ మరింత విసురుగా వెనక్కి పోతుంది. ఈ సంగతి కంపెనీకి తెలుసు. 1957లో మోడల్ 740 కోసం తెచ్చిన .280 రెమింగ్టన్ తూటాను పోటీదారైన .270 కంటే తక్కువ ఒత్తిడికే నింపింది. సొంతంగా తూటాలు నింపుకున్న వేటగాళ్ళలో ఎందరో ఆ జాగ్రత్తను పాటించలేదు. చరిత్ర రాసినవారు వారి పాత్రను లెక్కలోకి తీసుకోలేదు.

ఇక వర్తమానం. రెమింగ్టన్ 2018లో, మళ్ళీ 2020లో దివాలా రక్షణ కోరింది. 1816 నాటి మూలాలున్న ఇలియాన్ ఫ్యాక్టరీ 2024లో మూతపడింది. 742 విడిభాగాలను చాలావరకు పాత రైఫిళ్ళను విప్పి తెచ్చుకోవలసిందే. ఈ కొరతలో వ్యాపించిన చిట్కాలు నాకు ఆందోళన కలిగిస్తున్నాయి. గ్యాస్ రంధ్రాన్ని పెద్దది చెయ్యమనే సలహా అన్నిటికంటే హానికరం. మురికి ఛాంబర్‌ను అది వదిలేసి, పట్టాలను మరింత త్వరగా చంపుతుంది. డ్రిల్లుతో ఛాంబర్‌ను అతిగా పాలిష్ చెయ్యడం కూడా అంతే. అరిగిన లోహం తిరిగి రాదు. మరోవైపు, 742 అనగానే చూడకుండానే తిప్పిపంపే గన్‌స్మిత్‌లూ ఉన్నారు. పట్టాలు పాడైన రైఫిల్ విషయంలో వారు చెప్పేది సరైనదే. ఛాంబర్ మాత్రమే పాడైన రైఫిల్‌కు అది అన్యాయం.

సరైన పద్ధతి కష్టమైనది కాదు. రైఫిల్ ఖాళీగా ఉందని రూఢి చేసుకున్నాక, ముందు బయటపడిన షెల్‌ను చదవాలి. అంచు చీలి, ఒంటిపై పొడుగాటి గీతలుంటే ఛాంబర్‌ను అనుమానించాలి. అంచు బాగుండి షెల్ కంతలో ఇరుక్కుంటే బోల్ట్ ముఖంలోని ఎజెక్టర్ స్ప్రింగును, మూసుకుపోయిన గ్యాస్ దారిని, వంగిన కడ్డీలను చూడాలి. షెల్ శుభ్రంగా బయటపడి బోల్ట్ మాత్రం తడబడితే మ్యాగజైన్‌ను, ఆ తరువాత పట్టాలను పరీక్షించాలి. పట్టాలపై లోతైన గాట్లుంటే ఆ రైఫిల్‌ను కాల్చడం మానాలి.

742 గొప్ప రైఫిల్ అని నేను వాదించడం లేదు. దాని పట్టాలు బలహీనం. ఛాంబర్‌ను అందనిచోట పెట్టడం అంతకంటే పెద్ద తప్పు, యజమానికి శుభ్రతను అసాధ్యం చేసి, మురికికి అతన్నే నిందించడం దాని ఫలితం. మొదటి తప్పును 1981లో సవరించారు. రిసీవర్‌ను మాత్రం మూసే ఉంచారు. ఈ తరం వేట రైఫిళ్ళకు విలువ కట్టేవారు ఎన్ని తూటాలు ఆగకుండా పేలాయన్నదే చూస్తున్నారు. సామాన్య యజమాని తన చేతులతో దాని ఛాంబర్‌ను చూడగలడా, తుడవగలడా అన్నది ముందుగా అడగవలసిన ప్రశ్న.