మందు పడలేదా? మాత్ర మార్చుకుని ఊరుకోకండి.. ఈ నంబరుకు చెప్పండి

కొత్త గోలీ మొదలుపెట్టిన రెండు రోజులకే ఒళ్లంతా దద్దుర్లు. డాక్టర్‌కు చూపిస్తే 'ఇది మీకు పడలేదు, ఆపేయండి' అని వేరే మందు రాస్తారు. దద్దుర్లు తగ్గిపోతాయి. మిగిలిన స్ట్రిప్ చెత్తబుట్టలోకి వెళ్తుంది. చాలా ఇళ్లలో విషయం అక్కడితో ముగిసిపోతుంది.

ఆ రోగి వరకు సమస్య తీరినట్టే. కానీ అదే మందు కరీంనగర్‌లో ఒకరికి, కాకినాడలో మరొకరికి కూడా అలాగే వికటించి ఉంటే? ఈ ముగ్గురి సమాచారం ఒకచోట చేరితే తప్ప ఆ సంగతి బయటపడదు. అలా చేర్చడానికే కేంద్ర ప్రభుత్వం ఒక వ్యవస్థను నడుపుతోంది. దానికి సమాచారం ఇవ్వడానికి డాక్టరే కానక్కర్లేదు. మందు వాడినవారు, వారి ఇంట్లోవాళ్లు కూడా చెప్పొచ్చు. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024.

అన్ని పరీక్షలూ దాటి వచ్చిన మందుకు మళ్లీ నిఘా ఎందుకు?

మందును మార్కెట్లోకి అనుమతించే ముందు మనుషులపై ట్రయల్స్ చేస్తారు. సాధారణంగా వీటిలో పాల్గొనేవారు కొన్ని వందల నుంచి కొన్ని వేల మంది. తరచూ వచ్చే దుష్ప్రభావాలు అక్కడే తెలిసిపోతాయి. అరుదైనవి తెలియవు.

ఒక లెక్క చూద్దాం. ఒక మందు 10 వేల మందిలో ఒకరికి కాలేయాన్ని దెబ్బతీస్తుందనుకుందాం. 3 వేల మందితో ట్రయల్ చేస్తే, ఒక్కరిలోనూ ఆ సమస్య కనిపించకుండా పోయే అవకాశం దాదాపు 74 శాతం. కనీసం ఒక్క కేసైనా కనిపిస్తుందని 95 శాతం భరోసా కావాలంటే 30 వేల మందిపై పరీక్షించాలి. అదే మందును తర్వాత కోటి మంది వాడితే, కాలేయం దెబ్బతినేవారు సుమారు వెయ్యి మంది ఉంటారు.

ఇంకో పరిమితి కూడా ఉంది. గర్భిణులను, కిడ్నీ జబ్బు ఉన్నవారిని, రోజుకు ఐదారు రకాల మాత్రలు వేసుకునే వృద్ధులను చాలా ట్రయల్స్‌లో చేర్చుకోరు. మార్కెట్లోకి వచ్చాక మాత్రం వాళ్లూ ఆ మందు వాడతారు.

దీనికి చరిత్రలో పెద్ద ఉదాహరణ థాలిడోమైడ్. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన ఈ మందును గర్భిణులు వేవిళ్లకు కూడా వాడారు. ప్రపంచవ్యాప్తంగా 10 వేల మందికి పైగా పిల్లలు చేతులు, కాళ్లు సరిగా ఎదగకుండా పుట్టారు. వేర్వేరు చోట్ల డాక్టర్లు తాము చూసిన కేసులను బయటపెట్టడంతో 1961లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ అనుభవం నుంచే 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ ఔషధ నిఘా కార్యక్రమం మొదలైంది.

ఇటీవలి కాలంలో చూస్తే, 1999లో అమెరికాలో అనుమతి పొందిన రోఫెకాక్సిబ్ అనే నొప్పి నివారణ మందును ఐదేళ్లకే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఎక్కువ కాలం వాడితే గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని అప్పటికి గానీ స్పష్టం కాలేదు.

మన దేశంలో ఈ పని ఎవరు చేస్తారు?

2010లో 'ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా' మొదలైంది. తొలుత ఢిల్లీ ఎయిమ్స్ దీనికి జాతీయ కేంద్రంగా ఉండేది. 2011 ఏప్రిల్ నుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఘాజియాబాద్‌లో ఉన్న ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఆ బాధ్యత చూస్తోంది. దేశవ్యాప్తంగా వైద్య కళాశాలలు, పెద్దాసుపత్రుల్లో దీని పర్యవేక్షణ కేంద్రాలు ఉన్నాయి. సాధారణంగా ఫార్మకాలజీ విభాగం వాళ్లు వీటిని నడుపుతారు.

ఇలా చెబితే నిజంగా ఉపయోగం ఉంటుందా?

2023 నవంబరు 30న ఈ కమిషన్ మెఫెనమిక్ యాసిడ్‌పై హెచ్చరిక జారీ చేసింది. నెలసరి నొప్పికి, పంటి నొప్పికి, జ్వరానికి మన దగ్గర విరివిగా వాడే మందు ఇది. కొందరిలో ఇది 'డ్రెస్ సిండ్రోమ్' అనే తీవ్రమైన అలర్జీకి దారితీయొచ్చని, డాక్టర్లు, రోగులు గమనిస్తూ ఉండాలని సూచించింది. ఒంటిపై దద్దుర్లు, జ్వరం, లింఫ్ గ్రంథుల వాపు దీని లక్షణాలు. లోపలి అవయవాలు కూడా దెబ్బతినొచ్చు.

ఈ లక్షణాలు మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల తర్వాత కనిపించొచ్చు. నెల కిందట వేసుకున్న మాత్రకు, ఇవాళ్టి దద్దుర్లకు సంబంధం ఉంటుందని ఇంట్లో ఎవరికి తడుతుంది? ఎక్కడెక్కడి నుంచో వచ్చిన రిపోర్టులను పక్కపక్కన పెట్టి చూస్తేనే ఇది తెలుస్తుంది. ఆ హెచ్చరిక వచ్చిందీ అలాగే. దేశంలో నమోదైన కేసులను విశ్లేషించాకే కమిషన్ దాన్ని ఇచ్చింది.

ఏ సమస్యలు చెప్పాలి?

చిన్నవైనా, పెద్దవైనా చెప్పొచ్చు. ముఖ్యంగా వీటిని వదిలేయకూడదు:

• ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినా, ప్రాణాపాయం ఎదురైనా
• చూపు, వినికిడి, నడక వంటివి దెబ్బతిన్నా
• గర్భిణి వాడిన మందు వల్ల బిడ్డకు లోపం వచ్చిందని అనుమానం ఉన్నా
• మందు కాగితంపై రాయని కొత్త సమస్య కనిపించినా
• మార్కెట్లోకి కొత్తగా వచ్చిన మందు వికటించినా

మందు వల్లే వచ్చిందని మీరు రుజువు చేయనక్కర్లేదు. అనుమానం ఉంటే చాలు. టీకాలు, మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్న మాత్రల గురించి కూడా చెప్పొచ్చు. స్టెంట్, గ్లూకోమీటర్ వంటి వైద్య పరికరాలకు 2015 నుంచి విడిగా ఒక కార్యక్రమం ఉంది. దాన్ని కూడా ఇదే కమిషన్ చూస్తోంది.

ఎలా చెప్పాలి?

1. ఫోన్: 1800-180-3024. పని దినాల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 5.30 వరకు పనిచేస్తుంది.
2. యాప్: 'ఏడీఆర్ పీవీపీఐ' అనే పేరుతో మొబైల్ యాప్ ఉంది.
3. ఫారం: ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ వెబ్‌సైట్‌లో రోగుల కోసం విడిగా ఒక ఫారం ఉంది. అది తెలుగులో కూడా దొరుకుతుంది.
4. నేరుగా: దగ్గర్లోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్తే ఫార్మకాలజీ విభాగంలో అడగండి. లేదా మీ డాక్టర్‌నే రిపోర్ట్ చేయమని కోరండి.

ఏయే వివరాలు దగ్గర పెట్టుకోవాలి?

ప్రధానంగా నాలుగు: సమస్య ఎవరికి వచ్చింది, ఏ మందు వల్ల అని అనుమానం, ఏం జరిగింది, చెబుతున్నది ఎవరు. రోగి పూర్తి పేరు అక్కర్లేదు, పొడి అక్షరాలు, వయసు చాలు.

వీటితోపాటు మందు ఎప్పుడు మొదలుపెట్టారు, లక్షణాలు ఎప్పుడు కనిపించాయి, మానేశాక తగ్గాయా అన్న తేదీలు చాలా ముఖ్యం. అదే సమయంలో వాడిన ఇతర మందులు, ఆయుర్వేద లేహ్యాలు, కషాయాలు కూడా దాచకుండా చెప్పాలి.

అందుకే స్ట్రిప్‌ను పారేయకండి. మాత్రలు కత్తిరించి అమ్మితే బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న ముక్క మీ చేతికి రాకపోవచ్చు. కొనేటప్పుడే బిల్లు అడగండి, స్ట్రిప్ వెనుక వైపు ఫొటో తీసుకోండి. 2023 ఆగస్టు నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్లపై క్యూఆర్ కోడ్ తప్పనిసరి. దాన్ని స్కాన్ చేసినా బ్యాచ్ వివరాలు తెలుస్తాయి.

చెప్పాక ఏమవుతుంది?

మందుకు, సమస్యకు సంబంధం ఎంతవరకు ఉందో నిపుణులు అంచనా వేస్తారు. ఈ వివరాలు స్వీడన్‌లోని ఉప్సలాలో ఉన్న అంతర్జాతీయ డేటాబేస్‌కు కూడా చేరతాయి. ఒకే రకమైన కేసులు పెరిగితే కమిషన్ హెచ్చరిక ఇస్తుంది. లేబుల్‌పై కొత్త జాగ్రత్త చేర్చాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు సిఫార్సు చేస్తుంది.

రోగి వివరాలను గోప్యంగా ఉంచుతారు. రిపోర్ట్ ఇచ్చినంత మాత్రాన డాక్టర్‌ది గానీ, కంపెనీది గానీ తప్పని తేల్చినట్టు కాదు. కాబట్టి మొహమాటపడక్కర్లేదు. అయితే ఇది పరిహారం ఇప్పించే వేదిక కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. దానికి వినియోగదారుల కమిషన్ వంటి దారులు వేరే ఉన్నాయి.

నకిలీ, కల్తీ అని అనుమానమైతే?

అది వేరే సమస్య. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లల మరణాలకు కారణమైన దగ్గు సిరప్‌లో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ ఉన్నట్టు తమిళనాడు ప్రభుత్వ ల్యాబ్ పరీక్షలో తేలింది. ఇది కిడ్నీలను పాడుచేసే విషం. ఆ సిరప్‌ది దుష్ప్రభావం కాదు, అసలు మందే విషపూరితం. రంగు, వాసన మారినా, ముద్రణ తేడాగా ఉన్నా వెంటనే ఔషధ నియంత్రణ అధికారులకు చెప్పాలి. తెలంగాణలో టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా ఔషధ నియంత్రణ అధికారులను సంప్రదించాలి. ఆ సీసాను, మిగిలిన మందును పరీక్ష కోసం అలాగే ఉంచండి.

మందు వెంటనే ఆపేయాలా?

ఊపిరి ఆడకపోయినా, ముఖం, పెదాలు వాచినా, ఒంటిపై బొబ్బలు లేచి చర్మం ఊడుతున్నా అది అత్యవసరం. తదుపరి మోతాదు వేసుకోకుండా 108కి ఫోన్ చేయండి. రిపోర్ట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మిగతా సందర్భాల్లో డాక్టర్‌ను అడగకుండా మానేయకండి. ముఖ్యంగా బీపీ, షుగర్, మూర్ఛ, గుండె జబ్బుల మందులను ఒక్కసారిగా ఆపితే అసలు జబ్బే ప్రమాదకరంగా మారొచ్చు. వికటించిన మందు పేరును ఒక చీటీపై రాసి పర్సులో పెట్టుకోండి. ఏ డాక్టర్ దగ్గరకు వెళ్లినా, ముందు ఆ చీటీ చూపించండి.