నలుగురు తిప్పిన చక్రం

వజ్రాల మాట వస్తే మన తెలుగువాళ్ళం వెంటనే కోహినూరు దగ్గరికి వెళ్ళిపోతాం. అది ఎవరి కిరీటంలో ఉంది, ఎప్పటికైనా తిరిగి వస్తుందా అని భోజనాల దగ్గర వాదించుకుంటాం. వజ్రాలకు సానపట్టిన చక్రం సంగతి గానీ, ఆ చక్రాన్ని తిప్పిన మనుషుల సంగతి గానీ ఆ కబుర్లలో రాదు. నన్ను అటువైపు లాగింది ఒక పాత అమెరికన్ రాతిరంపం, అందులోనూ దాని మొండి మోటారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ దేశంలో రాళ్ళు ఏరుకొచ్చి, కోసి, మెరుగుపెట్టడం పెద్ద సరదాగా వ్యాపించింది. 'లాపిడరీ జర్నల్' పత్రిక 1947లో మొదలైంది. గరాజుల్లో, బేస్‌మెంట్లలో రాతిరంపాలు వెలిశాయి. నా చేతికి వచ్చింది ఆ కాలపుదే. పది అంగుళాల ఇనుప బిళ్ళ, దాని కింద నూనె తొట్టి, రాయిని బిగించే వైసు, ఆ వైసును బిళ్ళ వైపు మెల్లగా లాగడానికి తాడుకు వేలాడే బరువు, వెనక 1/3 హార్స్‌పవర్ మోటారు. రంపం అన్నానే గానీ దానికి పళ్ళు ఉండవు. బిళ్ళ అంచున సన్నని గాట్లు పెట్టి, వాటిలో వజ్రపు పొడి కూరి, సుత్తితో కొట్టి మూసేవారు. కోసేది ఆ పొడే.

అంతకు ముందు వాడిన రంపాలకు కార్బొరండం పొడిని బురదలో కలిపి పోసేవారు. 1891లో ఎడ్వర్డ్ ఆచెసన్ తయారుచేసిన ఆ పదార్థానికి పేరు కార్బన్, కొరండం అనే రెండు మాటల నుంచి వచ్చింది. కొరండం ఎక్కడిదయ్యా అంటే తమిళుల కురుందం, మన కురువిందం! మన సానగాళ్ళు లక్కలో కురువిందం పొడి కలిపి సానచక్రాలు చేసుకునేవారు. అమెరికా డబ్బా మీద మన మాట ఉందని చెబితే మా రాళ్ళ క్లబ్బు మిత్రులు నమ్మడానికి కొంత సమయం పట్టింది.

ఇక అసలు సంగతి. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే 1676లో తన యాత్రా గ్రంథం అచ్చువేయించాడు. గోల్కొండకు ఐదు రోజుల ప్రయాణంలో ఉన్న, ఆయన 'రావోల్కొండ' అని రాసిన గని దగ్గర సానపట్టేవాళ్ళను అందులో వర్ణించాడు. ఒక్కొక్కరికి పళ్ళెమంత ఉక్కు చక్రం ఒకటి. చక్రానికి ఒక్కటే రాయి. రాయి పొర ఎటు ఉందో తెలిసేదాకా నీళ్ళు పోస్తారు, తెలిశాక నూనె, ధారాళంగా వజ్రపు పొడి. ఇదంతా నడిచే పెద్ద చక్రాన్ని నలుగురు మనుషులు తిప్పేవారు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో ఆడా మగా పిల్లలూ కలిసి అరవై వేలమంది దాకా పనిచేస్తున్నారని కూడా ఆయనే రాశాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉంది.

వృత్తిరీత్యా ఇంజనీరును కాబట్టి లెక్క వేయకుండా ఉండలేను. రోజంతా చక్రం తిప్పే మనిషి ఇవ్వగలిగేది హార్స్‌పవర్‌లో సుమారు పదో వంతు. నలుగురు కలిస్తే 0.4. నా మోటారు 1/3. అంటే ఆ చిన్న ఇనుప డబ్బా చేసేది దాదాపు ఆ నలుగురి పనే. 1852లో లండన్‌లో కోహినూరును మళ్ళీ సానపట్టినప్పుడు నాలుగు హార్స్‌పవర్ల ఆవిరి యంత్రం పెట్టారు. అది నలభైమంది పెట్టు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన పనివాళ్ళు 38 రోజుల్లో 186 క్యారట్ల రాయిని సుమారు 106 క్యారట్లకు దించారు. మొదటిసారి రాయిని చక్రానికి ఆనించిన గౌరవం వెల్లింగ్టన్ డ్యూకుది. ఆ సంగతి అందరూ రాస్తారు. యంత్రానికి బొగ్గు వేసినవాడి గురించి ఎవరూ చెప్పుకోరు. కోహినూరు కొల్లూరులోనే దొరికిందని మనం చెప్పుకుంటాం గానీ దానికి గట్టి రుజువు లేదు. చక్రం తిప్పిన నలుగురికి మాత్రం తావెర్నియే కళ్ళే సాక్ష్యం. నన్నడిగితే మనం గర్వంగా చెప్పుకోవలసింది ముందు వాళ్ళ గురించి.

మా మోటారు దగ్గరికి వద్దాం. స్విచ్చి వేస్తే గుర్రుమంటుంది, తిరగదు. పుల్లీని చేత్తో ఒక్క తిప్పు తిప్పితే మాత్రం అందుకుని పరుగెత్తుతుంది. మరమ్మతుల షాపులో చూపిస్తే "పారేసి కొత్తది కొనుక్కో" అన్నారు. ఆ లక్షణమే రోగం ఎక్కడుందో చెబుతోంది. ఇలాంటి పాతరకం మోటారులో రెండు వైండింగులు ఉంటాయి. ఒకటి నడపడానికి, రెండోది మొదలెట్టడానికి. వేగం ముప్పాతిక వంతుకు చేరగానే లోపలి స్విచ్చి ఒకటి తిరుగుడు ఊపుకే విడిపోయి రెండోదాన్ని తప్పిస్తుంది. ఆపినప్పుడు మళ్ళీ కలవాలి. విప్పి చూస్తే దశాబ్దాల నూనె, రాతిపొడి కలిసి ఆ స్విచ్చి మీద తారులా గడ్డకట్టాయి. వైండింగులు రెండూ మీటరు మీద బాగానే పలికాయి. స్విచ్చి కాంటాక్టులను మెత్తటి గరుకు కాగితంతో రుద్ది, స్ప్రింగులు కడిగి, పొడిగా రాలిపోతున్న గుడ్డ తొడుగు తీగలు మార్చాను. కంచు బుష్షుల పక్కన దీపపు వత్తిలా నూనె పీల్చే ఉన్ని ముక్కలుంటాయి. అవి ఎండి చెక్కయ్యాయి, కొత్తవి పెట్టాను. పాత రెండు పిన్నుల త్రాడు తీసేసి ఎర్తు ఉన్న మూడు పిన్నులది వేశాను. నూనె, ఇనుము, కరెంటు ఒకచోట ఉన్నప్పుడు ఈ ఒక్క పనినీ వాయిదా వేయకూడదు.

మోటారు నిమిషానికి 1725 చుట్లు. మోటారుకు రెండంగుళాల పుల్లీ, బిళ్ళకు మూడంగుళాలది. కాబట్టి బిళ్ళ 1150 చుట్లు తిరుగుతుంది. అంటే దాని అంచు నిమిషానికి సుమారు మూడు వేల అడుగులు పరుగెడుతుంది. ఇప్పుడు వాడేది కారఖానాలో తయారైన వజ్రపు పొడి. 1954 డిసెంబరులో అమెరికాలో కృత్రిమ వజ్రం సాధించాక గనులతో పని చాలావరకు తప్పింది. నూనె మాత్రం తప్పలేదు. అది బిళ్ళను చల్లబరచడమే కాదు, పొడి గాలిలోకి లేవకుండా ఆపుతుంది. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీకు రాళ్ళు పొడిగా సానపట్టిన కార్మికుల ఊపిరితిత్తుల్లో ఆ పొడే చేరి సిలికోసిస్ అయింది.

మొదట కోసింది పిడికెడు అకీకు రాయి. ఇక్కడ అగేటు అంటారు. ఇరవై నిమిషాలు పట్టింది. లోపల తేనెరంగు చారలు ఒకదానిలో ఒకటి. ఆ పలకను మా శ్రీమతి బొమ్మల కొలువులో కింది మెట్టు మీద, కొండపల్లి బొమ్మల పక్కన పెట్టింది.