టిప్పు సుల్తాన్ లేఖలు, ఆయుధాలు: చేతులు మారిన చరిత్ర

2023 మే 23వ తేదీన లండనులోని బోన్‌హామ్స్ వేలంశాలలో ఒక ఖడ్గం ఒక కోటి నలభై లక్షల పౌండ్లకు, మన లెక్కలో సుమారు 140 కోట్ల రూపాయలకు, అమ్ముడుపోయినది. అది టిప్పు సుల్తాన్ అంతఃపురంలో దొరికినదని చెప్పబడిన ఖడ్గం. 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణం కోటపై జరిగిన దాడికి నాయకత్వం వహించిన మేజర్ జనరల్ డేవిడ్ బెయిర్డ్‌కు అది బహుమతిగా లభించినది. ఈ బెయిర్డ్ 1780లో పొల్లిలూరు యుద్ధంలో మైసూరు వారికి చిక్కి, అదే శ్రీరంగపట్టణంలో మూడున్నర సంవత్సరాలకు పైగా ఖైదీగా గడిపినవాడు. తనను బంధించిన వారి ఖడ్గం తన చేతికి వచ్చినప్పుడు అతడు ఏమనుకున్నాడో ఊహించుట కష్టం కాదు.

అదే సుల్తాన్ స్వహస్తంతో పారసీలో వ్రాసుకున్న ఒక చిన్న పుస్తకం కూడా లండనులోనే, బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. అందులో ఆయన కన్న 37 కలల వివరాలు ఉన్నవి. ఖడ్గం గురించి పత్రికలన్నీ వ్రాసినవి. ఆ పుస్తకం పేరు విన్నవారు మనలో ఎందరు?

చరిత్రపురుషుల చేవ్రాళ్ళను, యుద్ధస్మారకాలను సేకరించే అలవాటు పాతదే. సేకరించేవారందరూ లోభులు కారు. వారు దాచకపోతే ఎన్నో కాగితాలు చెదల పాలయ్యేవి. అయితే ఈ వ్యాపారంలో వెల కట్టబడేది పేరుకు మాత్రమే. పత్రం చెప్పే విషయం వెనుకబడిపోతుంది. యూరపులో ఒకప్పుడు గొప్పవారి ఉత్తరాల నుండి సంతకం వరకు కత్తిరించి ఆల్బములలో అతికించుకొని, మిగిలిన ఉత్తరాన్ని పారవేసిన సేకర్తలు కూడా ఉన్నారు. టిప్పు సుల్తాన్ విషయంలో కత్తెర పట్టినవారు లేకపోవచ్చును గాని, జరిగినది దాదాపు అదే.

కోట పడిన రాత్రి నగరం దోపిడీకి గురైనది. దోపిడీని అదుపు చేసిన తరువాత, మిగిలిన సంపదను లెక్కకట్టి సైన్యానికి పంచుటకు ప్రైజు ఏజెంట్లు కూర్చున్నారు. బంగారు రేకుల సింహాసనాన్ని ముక్కలు చేశారు. దాని పైనుండిన హుమా పక్షి నేడు ఇంగ్లండు రాజుల విండ్సర్ కోటలో ఉన్నది. పులి తలలలో ఒకటి వేల్స్‌లోని పోవిస్ కోటలో ఉన్నది. సుమారు రెండు వేల గ్రంథాలు గల సుల్తాన్ గ్రంథాలయం కూడా విడిపోయినది. కొన్ని కలకత్తా ఫోర్టు విలియం కళాశాలకు, కొన్ని ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలకు, మరికొన్ని కంపెనీ గ్రంథాలయానికి చేరినవి. చార్లెస్ స్టూవర్ట్ 1809లో వాటి పట్టికను అచ్చువేయకపోయి ఉంటే, ఏ గ్రంథం ఎవరిదో చెప్పగలిగేవారు ఉండేవారు కారు.

ఈ విజయంలో మన హైదరాబాదు వాటాను దాచుకొనవలసిన పని లేదు. నిజాం అలీ ఖాన్ సైన్యం మీర్ ఆలం నాయకత్వాన ఇంగ్లీషు వారి పక్షాన నిలిచినది. అందుకు ప్రతిఫలంగా నిజాముకు లభించిన సీమలు మరుసటి సంవత్సరమే, 1800లో, కంపెనీకి దత్తమైనవి. రాయలసీమ చరిత్రలో ‘దత్తమండలం’ అనే మాట అట్లే పుట్టినది.

ఇక లేఖల సంగతి. కోటలో దొరికిన పారసీ కాగితాలను పరిశీలించిన వారిలో ముఖ్యుడు కర్నల్ విలియం కిర్క్‌పాట్రిక్. ఇతడు లోగడ హైదరాబాదులో రెసిడెంటుగా పనిచేసినవాడు. కోఠీ రెసిడెన్సీ భవనం కట్టించిన జేమ్స్ కిర్క్‌పాట్రిక్ ఇతని తమ్ముడు. విలియం 1811లో లండనులో సుల్తాన్ లేఖల ఆంగ్లానువాదాన్ని ప్రచురించాడు. ఎన్నిక అతనిది, అనువాదం అతనిది, వ్యాఖ్య కూడా అతనిదే. సుల్తాన్‌ను క్రూరునిగా, మతద్వేషిగా చూపుట అతని ఉద్దేశమని ఆ వ్యాఖ్యలు చదివిన ఎవరికైనను తెలియగలదు. నూటికి పైగా సంవత్సరాలు చరిత్రకారులు ఆ ఒక్క గ్రంథం మీదనే ఆధారపడినారు.

అంతమాత్రాన ఆ లేఖలు కల్పితాలని త్రోసిపుచ్చుట మనకు తగదు. కఠినమైన ఆజ్ఞలు వాటిలో ఉన్నవి. అవి సుల్తాన్ ఆజ్ఞలే. కాని శత్రువు ఏరిన లేఖలలో కూడా మరొక మనిషి కనిపిస్తాడు. మస్కట్‌లోని తన వ్యాపార ప్రతినిధి మీర్ కాజింకు పట్టుపురుగులు పంపమని, కుంకుమపువ్వు విత్తనాలు సంపాదించమని పదే పదే వ్రాసిన మనిషి ఆయన. రాజ్యంలో ఏది ఎక్కడ పండాలో, ఏ పని ఎవరు నేర్వాలో ప్రతి చిన్న సంగతీ తానే చూసుకొనేవాడు. అధికారులను మందలించుటలో మాత్రం కొంచెం మితిమీరేవాడు. ఇటువంటి ఉత్తరాలు వేలంలోకి వస్తే పెద్ద ధర పలకవు. పట్టుపురుగులను గోడకు తగిలించుకొనేవారు ఎవరు?

విడిపోకుండా, ఉన్నచోటనే నిలిచిన లేఖలు కూడా ఉన్నవి. 1916లో మైసూరు పురావస్తు శాఖాధికారి ఆర్. నరసింహాచార్ శృంగేరి మఠంలో సుల్తాన్ పంపిన సుమారు ముప్పై కన్నడ లేఖలను కనుగొన్నారు. 1791లో మరాఠా గుర్రపుదళం మఠాన్ని దోచి, శారదాదేవి విగ్రహాన్ని పెకలించినప్పుడు స్వామివారు సుల్తాన్‌కు మొరపెట్టుకున్నారు. సుల్తాన్ విచారం తెలుపుతూ జవాబు వ్రాసి, పునఃప్రతిష్ఠకు ధనం, ధాన్యం ఇవ్వవలసినదిగా బెదనూరు ఆసఫ్‌కు ఆజ్ఞాపించారు. లేఖ అందుకున్న ఇంటిలోనే ఆ లేఖ 125 సంవత్సరాలు ఉన్నది. వరుస చెడలేదు. ఒక్కొక్క లేఖను వేర్వేరు సేకర్తలు కొనుక్కొని పోయి ఉంటే, మొదటిది దేనికి జవాబో, రెండవది ఎందుకు వ్రాయబడినదో చెప్పగలిగేవారు ఎవరు? సుల్తాన్ పాలన గురించి నేడు జరిగే ప్రతి వాదంలోను ఒకవైపు కిర్క్‌పాట్రిక్ గ్రంథం, మరొకవైపు ఈ శృంగేరి కట్ట ఉంటున్నవి. రెండూ చదవకుండా మాట్లాడేవారే ఎక్కువ.

హదీసు విద్య తెలిసిన పాఠకులకు ఈ సమస్య కొత్తది కాదు. మాట ఎంత బాగున్నదని ముందు అడగము. ఎవరి నుండి ఎవరికి చేరినదని అడుగుతాము. స్మారకాలను కూడా ఈ ఇస్నాద్ దృష్టితో పరీక్షించవచ్చును. కలల పుస్తకం సంగతి చూడండి. సుల్తాన్ మున్షీ హబీబుల్లా సమక్షంలో అది దొరికినది. సుల్తాన్ దానిని ఎవరికీ చూపక దాచుకొనేవారని ఆయనే చెప్పారు. అక్కడినుండి కిర్క్‌పాట్రిక్ చేతికి, 1800లో బీట్సన్ ద్వారా కంపెనీ డైరెక్టర్లకు, వారి గ్రంథాలయం నుండి నేటి బ్రిటిష్ లైబ్రరీకి చేరినది. గొలుసు ఎక్కడా తెగలేదు.

దీనికి ప్రక్కన 2014లో క్రిస్టీస్ సంస్థ వేలంలో 1,45,000 పౌండ్లకు పైగా పలికిన బంగారు ఉంగరాన్ని పెట్టి చూడండి. దాని మీద నాగరి లిపిలో ‘రామ్’ అని ఉన్నది. మరణించిన సుల్తాన్ వేలి నుండి తీసినదని ప్రచారం. అది క్రిమియా యుద్ధంలో సేనాపతియైన మొదటి లార్డ్ రాగ్లన్ వంశీకుల వద్ద ఉండినది. రాగ్లన్ 1788లో పుట్టినవాడు. శ్రీరంగపట్టణం పడిన నాటికి పదేళ్ళ బాలుడు. ఆయన భార్య వెల్లెస్లీల ఇంటి ఆడపడుచు కనుక ఆ దారిన వచ్చి ఉండవచ్చునని అంటారు. వచ్చి ఉండవచ్చును. కాని వేలి నుండి తీసిన రావీ ఎవరు? ఇటువంటి దానిని మన పెద్దలు మున్ఖతిఅ అనేవారు. ‘రామ్’ అన్న అక్షరాలు మతసామరస్యానికి నిదర్శనమని మనలో కొందరు సంబరపడినారు. సామరస్యానికి శృంగేరి లేఖలు చాలును. తెగిన గొలుసును ఆశ్రయించవలసిన అవసరం లేదు.

ఆయుధాల విషయంలో మోసం మరింత సులభం. సుల్తాన్ ఆయుధశాలలలో తయారైన తుపాకులపై, కత్తులపై ‘బబ్రీ’ అనే పులిచారల గుర్తు ఉండేది. అది సర్కారు గుర్తు. సామాన్య సిపాయి పట్టిన తుపాకిపై కూడా ఉండవచ్చును. అయినను వేలం పట్టికలలో అటువంటివి సుల్తాన్ స్వంత ఆయుధాలైపోతున్నవి.

లేఖలకు మాత్రం లోపలి సాక్ష్యం కొంత ఉన్నది. సుల్తాన్ తన పేరు వ్రాయక ‘నబీ మాలిక్’ అని చేవ్రాలు చేసేవారు. దీనిని అనుకరించుట కష్టం కాదు. తేదీని అనుకరించుట కష్టం. ఆయన నెలల పేర్లను తానే ఏర్పరచినారు. మొదట అబ్జద్ లెక్కన పేర్ల తొలి అక్షరాలు వచ్చేవి. జీమ్ మూడవది కనుక ‘జాఫరీ’ మూడవ నెల. 1787 ప్రాంతంలో దానిని మార్చి సాధారణ అక్షరక్రమాన్ని, అనగా అలిఫ్, బే, తే, సే, జీమ్ వరుసను, తీసుకున్నారు. అప్పటినుండి ‘జాఫరీ’ ఐదవ నెల అయినది, మూడవది ‘తఖీ’. 1785 నాటిదని చూపే లేఖలో ‘తఖీ’ మాసం కనిపిస్తే ఆ లేఖను పక్కన పెట్టవలసినదే. ధర చూసేవాడు దీనిని గమనించడు; చదివేవాడు గమనిస్తాడు.

సుల్తాన్ సీమ మన గుర్రంకొండ, కడపల వరకు ఉండినది. అక్కడి పాత ఖాజీ, ఇనాముదారు కుటుంబాలలో మైసూరు, హైదరాబాదు, ఆర్కాటు సర్కార్ల సనదులు ఇంకను ట్రంకుపెట్టెలలో ఉండవచ్చును. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం చారిత్రక విలువ గల 75 ఏళ్ళ పత్రం పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దానిని విదేశాలకు పంపరాదు. ఇది తెలియక అమ్మినవారు ఉన్నారు, తెలిసి కొన్నవారు కూడా ఉన్నారు. అమ్మనివారు కొందరు గౌరవంతో సనదును అట్టకు అతికించి, అద్దం వేసి, దివానుఖానాలో పటంగా కట్టించుకుంటారు. ఆ కాగితాల వెనుకవైపున దఫ్తరు మున్షీలు ఏ తేదీన ఏ లెక్కలో ఎక్కించినదీ వ్రాసి, చిన్న మొహర్లు వేసేవారు. భూమి ఎంత, ఊరు ఏది, ఎవరి తరువాత ఎవరికి వచ్చినది అన్నది చాలాసార్లు అక్కడనే ఉంటుంది. జిగురు పట్టిన తరువాత ఆ వైపు మళ్ళీ చదవబడదు.