ఓడిన ఫౌజు

1944 మార్చిలో జపాను సైన్యం బర్మా నుంచి ఇంఫాల్ మీదికి బయలుదేరింది. ఆజాద్ హింద్ ఫౌజు దానితో కలిసి నడిచింది. ఏప్రిల్ 14న మొయిరాంగ్‌లో జెండా ఎగరేసినవాడు కర్నల్ షౌకత్ మాలిక్. సుభాస్ బ్రిగేడుకు షానవాజ్ ఖాన్ నాయకుడు. గాంధీ బ్రిగేడును నడిపింది ఇనాయత్ కియానీ. గాంధీ పేరున్న దళానికి ముస్లిం అధిపతి కావడం ఆ ఫౌజులో వింత కాదు.

ఇంఫాల్ మాత్రం దక్కలేదు. జపాను సేనలు మూడు వారాల తిండితో బయలుదేరాయి. బ్రిటిష్ వాళ్లకు విమానాల్లో సరుకులు దిగాయి. వానలు ముంచుకొచ్చాయి. జులైలో వెనక్కి మళ్లేసరికి తూటాల కన్నా ఆకలీ, మలేరియా, విరేచనాలూ ఎక్కువమందిని మింగాయి. ఫాసిస్టు జపానుతో చెయ్యి కలపడం మీద విమర్శ ఉంది, ఉండాలి కూడా. ఎదురుగా బ్రిటిష్ జెండా కింద నిలబడ్డవాళ్లలోనూ మనవాళ్లున్నారు.

ఓడినవాళ్లను 1945 నవంబరులో ఎర్రకోటలో బోనెక్కించారు. 1858లో బహదూర్ షా జఫర్‌ను విచారించిందీ అక్కడే. షానవాజ్, సెహగల్, ధిల్లాన్‌లకు వేసిన ద్వీపాంతర శిక్షను 1946 జనవరిలో రద్దు చేయక తప్పలేదు. ఫిబ్రవరిలో కెప్టెన్ అబ్దుల్ రషీద్‌కు ఏడేళ్ల శిక్ష పడితే కలకత్తాలో కాంగ్రెస్, లీగు, కమ్యూనిస్టు జెండాలు కలిసి నడిచాయి. మరుసటి వారమే బొంబాయిలో నావికులు తిరగబడ్డారు. వాళ్ల సమ్మె కమిటీ అధ్యక్షుడు ఎం.ఎస్. ఖాన్. ఆరు నెలలకే, ఆగస్టులో, అదే కలకత్తా వీధుల్లో కత్తులు లేచాయి.

దేశంతోపాటు ఫౌజూ చీలింది. కియానీ పాకిస్తాన్‌లో ఉండిపోయాడు. రావల్పిండి షానవాజ్ పుట్టిల్లు వదిలి భారతదేశానికొచ్చాడు. స్వతంత్ర భారత సైన్యం ఫౌజువాళ్లను తిరిగి చేర్చుకోలేదు.

వీళ్లలో మన హైదరాబాదీ ఆబిద్ హసన్ ఒకడు. 1943లో జర్మనీ నుంచి బోసుతో జలాంతర్గామిలో వచ్చాడు. ఇంఫాల్ పోరాటంలోనూ ఉన్నాడు. తన పేరుకు కాషాయాన్ని సూచించే 'సఫ్రానీ' చేర్చుకున్నాడు. 'జైహింద్' అనే పలకరింపు ఆయన ఇచ్చిందేనంటారు.

ఈ పేర్లను మా దేశభక్తికి సర్టిఫికెట్లుగా దాఖలు చేయడం లేదు. తాత ఇంఫాల్‌లో చచ్చాడని రుజువు చూపిస్తేనే పంక్చర్లు వేసుకునే కుర్రాడు ఈ నేల మీద బతకాలా? జైహింద్ అనమని గద్దించేవాడికి ఆ మాట పుట్టుక తెలియదు. ఆ తెలియనితనానికి సంజాయిషీ మేమెందుకిచ్చుకోవాలి?