ఒకటైనా మీల్సే
కొత్తవలస జంక్షన్‌లో రైలు దిగి, 'మీల్స్ రెడీ' బోర్డు చూసి హోటల్లోకి వెళ్లాం. "ఒక మీల్స్" అన్నాను. ఇంగ్లీషు మాస్టారుగా రిటైరైన మా మావయ్య "ఒకటైతే మీల్ కదేట్రా!" అని నవ్వాడు. ఇంగ్లీషు లెక్కకు ఆయన మాట ఒప్పే. కానీ వడ్డించేవాడికి మీల్స్ అంటే అన్నం, పప్పు, కూర, పులుసు, పెరుగు కలిసిన ఒక్క ఆకు; ఇద్దరొస్తే రెండు మీల్స్, అంతేగానీ మీల్సులు కాదు. పాత ఇంగ్లీషులో ఈ మాటకు మూలమైన 'మేల్'కు కొలత, నియమిత వేళ అని అర్థాలు. తిండివేళ కాస్తా తిండయింది. ఓట్‌మీల్‌లోని మీల్ వేరు, అది పిండి. మనవాళ్లూ వేళనే పట్టుకున్నారు: పూటకు కూడు చేర్చి, డబ్బుకు పెట్టే భోజనాన్ని పూటకూళ్లు అన్నారు. ఇంట్లో "రెండు కూళ్లు తిన్నాను" అనం. కూడు లెక్కకందదు, లెక్కంతా మెతుకులకే. అమ్మకానికొస్తేనే అది బహువచనం. 1892లో విజయనగరంలో ప్రదర్శించిన గురజాడ 'కన్యాశుల్కం'లోని పూటకూళ్లమ్మ పుణ్యమా అని ఆ మాట ఇంకా చెవిన పడుతోంది. కూడుకు తమిళ చుట్టం 'కూళ్' అంటే జావ. మనకది వండిన అన్నం. ఇప్పుడు కూడు మోటుమాటై, తిట్లలోనూ కోటి విద్యల సామెతలోనూ మిగిలింది. పాలు, నీళ్లు ఎటూ లెక్కలేని బహువచనాలే. వాటి పంక్తిలోనే మీల్సూ కూర్చుంది. చెయ్యి కడుక్కుంటూ మావయ్య కేకేశాడు: "బాబూ, ఇంకో మీల్స్ పార్సిల్!"